శివారు దాకా ఆయిల్

లాకుల దగ్గర నీటిమట్టం ఎంత ఉందన్నది ఒక సంగతి, నిజాంపట్నం వైపు శివారు చేలకు ఎన్ని నీళ్లు చేరాయన్నది ఇంకో సంగతి. కృష్ణా పశ్చిమ డెల్టాలో వ్యవసాయం చేసినవాడికి ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. తలుపులు దించేస్తే ఎగువన మట్టం పెరుగుతుంది, స్కేలు మీద అంకె ఘనంగా కనిపిస్తుంది, కింద మడి మాత్రం నెర్రెలిస్తుంది. టర్బో కారులో ఏ ఆయిల్ పోయాలి, ప్రెషర్ ఎంత ఉండాలి అని తెనాలి, బాపట్ల, రేపల్లె షెడ్లలో జరిగే వాదనలన్నీ చివరికి ఇక్కడికే వస్తాయి. గేజీ చూపించేది లాకు దగ్గరి మట్టం. బేరింగుకు కావలసింది పారే ఆయిల్. ఇంజను మొత్తం మీద శివారు భూమి ఏదంటే, టర్బో.

మన పాత మెకానిక్కులకు ఆయిల్ విషయంలో గట్టి నమ్మకం ఒకటుంది. ఎండలెక్కువ కాబట్టి ఆయిల్ చిక్కగా ఉండాలి. ఇంజను శబ్దం చేసినా, ఎర్ర దీపం మిణుకుమన్నా, సైలెన్సర్లో నీలం పొగ వచ్చినా మందు ఒక్కటే, 20డబ్ల్యూ-50 ఆయిల్. ‘ఇరవై యాభై పోసెయ్ రా, అణిగిద్ది.’ అణుగుతుంది కూడా. గేజీలో ముల్లు పైకి లేస్తుంది, టకటక తగ్గుతుంది, బండి వాడు సంతోషంగా డబ్బులిచ్చి వెళ్తాడు. కొత్తగా చదువుకొచ్చిన కుర్ర మెకానిక్కులు దీన్ని వెక్కిరిస్తారు. నేను వెక్కిరించను. ఆ నమ్మకానికి వందేళ్ల చరిత్ర ఉంది, అది పుట్టిన ఇంజన్లకు అదే సరైన మాట.

ఎడ్లబండి ఇరుసు దగ్గర మొదలెడదాం. కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపి ఇరుసుకు పెట్టేవారు, అదే కందెన. ఒక గొట్టంలో నింపి బండికే వేలాడదీసుకుని పోయేవారు. ఆముదాన్ని ఊరికే ఎంచుకోలేదు. దానికి లోహాన్ని కరుచుకుని వదలని గుణముంది, అందులోని రిసినోలియిక్ ఆమ్లం చేసే పని అది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎగిరిన రోటరీ ఇంజను విమానాలు ఆముదం మీదే నడిచాయి. 1909లో బ్రిటన్‌లో ఒక కంపెనీ తన కొత్త ఆయిల్లో ఆముదం కలిపి, ఆముదం ఇంగ్లీషు పేరులోంచే క్యాస్ట్రాల్ అని పేరు పెట్టుకుంది. ఆముదానికి ఒక్కటే పెద్ద జబ్బు. వేడికి జిగురు కడుతుంది. కాబట్టి రేసు అయిపోయాక ఇంజను ఊడదీసి కడిగే ఓపిక ఉన్నవాళ్లకే అది చెల్లింది. ఇవాళ ట్రాక్ కార్లకు అమ్మే ఖరీదైన ఎస్టర్ ఆయిళ్లు రసాయన శాస్త్రం లెక్కన ఆముదం కుటుంబంలోవే. జిగురు కట్టకుండా మనిషి తయారుచేసుకున్న రకాలు.

తర్వాత ఆయిలింజను వచ్చింది. లిస్టర్ నమూనాలో చేసిన ఒంటి సిలిండరు డీజిల్ ఇంజను నిమిషానికి 650 చుట్లు తిరిగేది. అందులో ఆయిల్ ప్రెషర్ అన్న ప్రశ్నే లేదు. కనెక్టింగ్ రాడ్డు అడుగున ఉన్న చిన్న డిప్పరు తిరిగిన ప్రతిసారీ చాంబర్లోని ఆయిల్లో మునిగి పైకి చిమ్ముతుంది. ఆ తుంపరలే బేరింగుకీ, బోరుకీ దిక్కు. ఇలాంటి ఇంజనుకు ఆయిల్ చిక్కగా, అంటుకునేలా ఉంటేనే మంచిది. బేరింగుల మధ్య సందు ఎక్కువ, వేగం తక్కువ, రోజంతా ఒకే భారం. ఆ ఇంజన్ల దగ్గర పని నేర్చిన గురువు, శిష్యుడికి చిక్కటి ఆయిల్ అనే చెప్పాడు. శిష్యుడి శిష్యుడి చేతికి ఇవాళ టర్బో పెట్రోలు కారు తాళం వచ్చింది. మాట మాత్రం పాతదే నడుస్తోంది.

ఈ ప్రాంతానికి టర్బో కార్లతోనే వచ్చిందనుకుంటే పొరపాటు. పట్టాల మీద చాలాకాలం బండ్లను లాగిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ లోకోలో 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్, పైన పెద్ద టర్బో. అందులో ఆయిల్ ప్రెషర్ పడిపోతే డ్రైవరు ఆజ్ఞ కోసం చూడకుండా ఇంజను తనంతట తానే ఆగిపోయే ఏర్పాటుంది. కోట్ల ఖరీదు యంత్రాన్ని మనిషి కన్ను మీద వదలకూడదని అప్పుడే అనుకున్నారు. మన కార్లలో చాలావాటికి ఇప్పటికీ ఆ భాగ్యం లేదు.

ఇళ్ల ముందుకు టర్బోను తెచ్చింది 1.3 లీటర్ల ఫియట్ మల్టీజెట్ డీజిల్. స్విఫ్టు, డిజైరు, పుంటో, టాటా విస్టా, ఎందులో చూసినా అదే. 2007 తర్వాత ట్యాక్సీ స్టాండ్లలో దానిదే రాజ్యం. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నియమాలు వచ్చాక ఆగిపోయింది. తెనాలి, బాపట్ల మెకానిక్కుల్లో చాలామంది టర్బో అంటే ఏమిటో చేతులతో తెలుసుకున్నది ఈ ఇంజను మీదే. పెట్రోలు వైపు 2004లో స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ వచ్చినప్పుడు అది డబ్బున్నవాళ్ల సరదా. ఇప్పుడు మన రాష్ట్రంలోనే పెనుకొండలో కియా టర్బో పెట్రోలు కార్లు తయారుచేస్తోంది. 2019లో సెల్టోస్ 1.4 లీటర్ల టర్బోతో 140 హార్స్‌పవర్ ఇచ్చింది, 2023లో 1.5 లీటర్లతో 160కి చేరింది. రొయ్యల చెరువుల రైతు గట్టు మీద పెట్టుకుంటున్న కారులో ఒకప్పటి స్పోర్ట్స్ కారు బలం ఉంది. నిర్వహణ మాత్రం ట్రాక్టరుది జరుగుతోంది.

టర్బో అంటే ఒక కడ్డీ, దానికి రెండు చివర్ల రెండు చక్రాలు. ఒక చక్రాన్ని పొగ తిప్పుతుంది, రెండోది గాలిని నొక్కి ఇంజనులోకి పంపుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషీ 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. చిన్న కారు టర్బోలో ఆ కడ్డీ నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. ఇంజను 6,000 చుట్లకే హోరెత్తుతుంది కదా, దీన్ని దాని పక్కన పెట్టి చూడండి. పెట్రోలు కారులో టర్బోకి తగిలే పొగ వేడి 950 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. డీజిల్లో అంతకంటే తక్కువ. ఎక్కువ కార్లలో ఆ కడ్డీని పట్టుకునేది బాల్ బేరింగు కాదు, ఒక కంచు బుష్షు. కడ్డీ ఆ బుష్షుకు తగలకుండా ఆయిల్ పొర మీద తేలుతుంది. వెంట్రుక మందం కూడా లేని పొర. అది తెగితే కొన్ని క్షణాల్లోనే కడ్డీ మీద నీలం మచ్చ పడుతుంది.

దీనికి ఆయిల్ ఎలా వస్తుంది? పంపు చాంబరు అడుగు నుంచి లాగి, ఫిల్టరు దాటించి, మెయిన్ గ్యాలరీలోకి తోస్తుంది. క్రాంకు, హెడ్డు, చైన్ టెన్షనరు తమ వంతు తీసుకుంటాయి. పక్కనుంచి ఒక సన్నటి పైపు టర్బోకి పోతుంది. దాని లోపలి బెజ్జం కొన్ని మిల్లీమీటర్లే. కొన్ని ఇంజన్లలో ఆ పైపు బోల్టులో చిన్న జాలీ కూడా ఉంటుంది, అది మూసుకుపోతే మిగతా ఇంజను దివ్యంగా ఉండగానే టర్బో ఒక్కటే ఎండిపోతుంది. వచ్చిన ఆయిల్ తిరిగి చాంబర్లోకి దిగేది ప్రెషర్‌తో కాదు, తన బరువుతో. అందుకే దిగే పైపు లావుగా ఉంటుంది. ఆ పైపు నలిగినా, మసి పట్టినా, చాంబర్లో ఆయిల్ లెవెలు మితిమీరినా, ఆయిల్ వెనక్కి తన్ని సీలు దాటి పొగ గొట్టంలోకి పోతుంది. ‘టర్బో పోయిందండీ, 40 వేలవుద్ది’ అని చెప్పిన కేసుల్లో కొన్నింటికి అసలు జబ్బు ఈ డ్రెయిన్ పైపే. కాలవ మీద కొట్లాడే ఊళ్లో మురుగు కాలవను మర్చిపోవడం మనకు కొత్త కాదు గదా.

ఇక చిక్కదనం లెక్క. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే, డబ్ల్యూ ముందు అంకె చలిలో ఎలా కదులుతుందో చెబుతుంది. 5డబ్ల్యూ ఆయిల్ని పంపు సున్నాకు కింద 35 డిగ్రీల్లో కూడా లాగగలగాలి, 20డబ్ల్యూ అయితే సున్నాకు కింద 20లో. బాపట్లలో సంక్రాంతి తెల్లవారుజామున కూడా ఆ చలి మనకు కలలో మాట, కాబట్టి ఆ అంకెతో మనకేం పని అంటారు. పని ఉంది. 40 డిగ్రీల దగ్గర, అంటే మన మే నెల ఎండలో నీడన ఉన్న బండిలో, మామూలు 5డబ్ల్యూ-30 చిక్కదనం సుమారు 60 నుంచి 70 సెంటీస్టోక్స్. 20డబ్ల్యూ-50 అదే వేడిలో 150 దాటుతుంది. తాళం తిప్పిన మొదటి క్షణాల్లో రెండోది రెట్టింపు కంటే చిక్కగా ఉందన్నమాట. పంపు తోస్తుంది, ఆయిల్ సన్న దారుల్లో కదలదు, ప్రెషర్ ఒక్కసారిగా లేస్తుంది. రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఎక్కువైనదాన్ని వెనక్కి వదిలేస్తుంది. ఫిల్టరు బైపాస్ కూడా తెరుచుకోవచ్చు, అప్పుడు వడకట్టని ఆయిల్ లోపలికి పోతుంది. గేజీ నిండుగా చూపిస్తుంది. శివారుకు నీళ్లు లేవు.

వేడెక్కాక కథ మారుతుంది. రెండో అంకె 100 డిగ్రీల లెక్క. 30 గ్రేడు 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 40 గ్రేడు 12.5 నుంచి 16.3 లోపు ఉండాలి. వీటి కంటే టర్బో వాడు చూడవలసిన అంకె ఒకటుంది, దాన్ని డబ్బా ముందువైపు ఎవరూ వేయరు. 150 డిగ్రీల వేడిలో, బేరింగులో నలిగేంత వేగంగా ఆయిల్ని నలిపి కొలిచే చిక్కదనం అది. ఇంగ్లీషు అక్షరాల్లో హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. 30 గ్రేడుకు కనీసం 2.9 ఉంటే చాలు. కానీ యూరప్ వాళ్ల ఏసీఈఏ ఏ3/బీ4 గానీ సీ3 గానీ రాసి ఉన్న 30 గ్రేడు 3.5కు తగ్గకూడదు. అంటే రెండు డబ్బాల మీద 5డబ్ల్యూ-30 అనే ఉన్నా, గట్టిగా తోలినప్పుడు ఒకటి పొర నిలుపుతుంది, రెండోది మైలేజి కోసం పలచబడుతుంది. రెండిట్లో ఏది మీ ఇంజనుకో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకాన్ని డాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా ఉంచేవాళ్లే ఎక్కువ.

నా మాట అడిగితే ఇది. పుస్తకం ఒకే గ్రేడు చెబితే అదే పోయించండి. వేడి ప్రాంతాలకు 30, 40 రెండూ ఒప్పుకుంటే, హైవే మీద గట్టిగా తోలేవాడు, బండికి ఇంజను మ్యాప్ మార్పించి బలం పెంచినవాడు 5డబ్ల్యూ-40 వైపు వెళ్లడం తెలివైన పని. ఇక్కడ పాత మేస్త్రీ నమ్మకంలో సగం నిజం నిలబడుతుంది. లక్షన్నర కిలోమీటర్లు తిరిగి బేరింగుల సందు పెరిగిన ఇంజనులో కూడా ఒక మెట్టు చిక్కదనం నిజంగానే పొరను కాపాడుతుంది. కొత్త టర్బో పెట్రోల్లో 20డబ్ల్యూ-50 పోయడం మాత్రం ఏ లెక్కలోనూ నిలవదు. వాల్వు టైమింగును మార్చే యాక్యుయేటర్లు, చైన్ టెన్షనరు, పిస్టన్ల అడుగుకు చల్లే జెట్లు అన్నీ ఆ ఆయిల్ ప్రవాహం మీదే బతుకుతాయి.

ప్రెషర్ ఎంత ఉండాలి? షెడ్లలో నడిచే లెక్క వెయ్యి చుట్లకు పది పౌండ్లు. అంటే వేడి ఇంజను 3,000 చుట్ల దగ్గర 30 పీఎస్‌ఐ, సుమారు 2 బార్ చూపాలి. పాత ఇంజన్లకు చక్కగా సరిపోతుంది. కొత్తవాటిలో రెండు అంచెల పంపులున్నాయి. మెల్లగా పోతున్నప్పుడు డీజిలో పెట్రోలో ఆదా చేయడానికి కంప్యూటరే ప్రెషర్ తగ్గిస్తుంది, యాక్సిలరేటరు తొక్కితే పెంచుతుంది. ఇది తెలియక, గేజీ తగ్గింది గదా అని పంపు మార్పించినవాళ్లున్నారు. ఆ ఇంజను మాన్యువల్లో ఏ చుట్ల దగ్గర, ఏ వేడి దగ్గర ఎంత అన్న అంకెలు ఉంటాయి. వాటితోనే పోల్చాలి.

డాష్‌బోర్డు మీది ఎర్ర దీపాన్ని గేజీ అనుకోవద్దు. చాలా కార్లలో ప్రెషర్ 0.3 నుంచి 0.5 బార్‌కు పడిపోతే గానీ అది వెలగదు. గట్టిగా తోలుతున్నప్పుడు 3 బార్ ఉండవలసిన చోట 1 బారే ఉన్నా దీపం మౌనంగా ఉంటుంది. అది వెలిగిందంటే జాగ్రత్త చెబుతున్నట్టు కాదు, జరిగిపోయినట్టు. వెంటనే పక్కకు తీసి తాళం తిప్పేయడమే, పక్క ఊరి షెడ్డు దాకా లాక్కుపోదాం అన్న ఆలోచన వద్దు.

నిజాంపట్నం హార్బర్లో మర పడవల వాళ్లను చూస్తే ఈ విషయంలో మన కంటే ఎంత ముందున్నారో తెలుస్తుంది. పడవ ఇంజను పక్కన ప్రెషర్ గేజీ నిజమైన గేజీ, ముల్లు ఉంటుంది, సరంగు కన్ను దాని మీద ఉంటుంది. సముద్రం మధ్యలో ఇంజను పట్టేస్తే టోయింగు వ్యాను రాదు. వాళ్లకు తెలిసిన ఇంకో సంగతి కార్ల మేస్త్రీలకు తెలియనిది. అల మీద పడవ ఊగినప్పుడు చాంబర్లో ఆయిల్ ఒక పక్కకు పోతుంది, పంపు ఆయిల్ లాగే స్ట్రైనరు గాలి పీలుస్తుంది, ముల్లు ఒక్క క్షణం పడి లేస్తుంది. లెవెలు తక్కువైతే ఈ పడటం ఎక్కువ. రేసు ట్రాక్ మీద మలుపు తిరిగే కారుకు జరిగేది అచ్చంగా ఇదే. అందుకే ట్రాక్ కార్ల చాంబర్లలో అడ్డుపలకలు పెడతారు, ఇంకా ఖరీదైనవాటిలో ఆయిల్ని వేరే ట్యాంకులోనే ఉంచుతారు. మన కారుకు అంత అక్కర్లేదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ కింది గీత కంటే పై గీతకు దగ్గరగా ఉంటే చాలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం. పడవల వాళ్లు ఇంజన్లు విప్పి బేరింగులు చూసుకునే కాలం అదే. ప్రతి ఏడూ ఒక నెల ఇంజను కోసమని కేటాయించడం కార్ల వాళ్లకు అలవాటు కాలేదు.

మన షెడ్ల సంప్రదాయంలో చిక్కటి ఆయిల్ సంగతి పక్కన పెడితే, మిగతాది బంగారం. డయాగ్నొస్టిక్ స్కానరు చెప్పలేనివి అందులో ఉన్నాయి. మంచి మేస్త్రీ ముందుగా డిప్‌స్టిక్ లాగి వాసన చూస్తాడు. పెట్రోలు వాసన వస్తే బండి చిన్నచిన్న దూరాలే తిరుగుతోందని అర్థం. ఇల్లు, బజారు, చెరువు గట్టు. ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, సూటిగా సిలిండర్లోకి చిమ్మే పెట్రోలు గోడల మీంచి జారి ఆయిల్లో కలుస్తుంది, పలచన చేస్తుంది. బీఎస్-6 డీజిల్లో ఇంకో చిత్రం. పొగ ఫిల్టరును కాల్చి శుభ్రం చేసుకోవడానికి ఇంజను అదనంగా డీజిల్ చల్లుతుంది. ఆ పని సగంలో ఆగిపోతూ ఉంటే డీజిల్ కిందికి దిగి ఆయిల్ లెవెలు పెరుగుతుంది. ‘నా బండి ఆయిల్ తాగదండీ, పైగా పెరుగుద్ది’ అని ఎవరైనా మురిసిపోతే, వెంటనే ఆయిల్ మార్పించమనండి.

రెండోది కాగితం పరీక్ష. వేడి ఆయిల్ చుక్క ఒకటి తెల్లటి ఫిల్టరు కాగితం మీద, అది లేకపోతే పీల్చే కాగితం దేనిమీదైనా వేసి పక్కన పెట్టాలి. కొన్ని గంటల్లో చుక్క వలయాలుగా విచ్చుకుంటుంది. మసి చివరి దాకా సమంగా పాకితే ఆయిల్లో మసిని కలిపి ఉంచే శక్తి ఇంకా ఉంది. నడిమధ్య నల్లటి గట్టి మచ్చ, చుట్టూ ఖాళీ అంటే ఆ శక్తి చచ్చిపోయింది, మసి గడ్డలు కడుతోంది. బయట అంచున లేత వలయం వెడల్పుగా ఉంటే ఇంధనం కలిసింది. డీజిల్లో ఆయిల్ రెండో వారానికే నల్లబడుతుంది, రంగు చూసి తిట్టుకోకూడదు. చుక్క విచ్చుకున్న తీరే చూడాలి.

మూడోది ఫిల్టరు కోసి చూడటం. పాత ఫిల్టరును చెత్తబుట్టలో వేసే మెకానిక్కు కంటే, కోసి మడతలు విప్పి ఎండలో పట్టుకు చూసే మెకానిక్కు దగ్గరికి పోవాలి. మెరిసే తెల్లటి పొడి అల్యూమినియం, పిస్టన్ గానీ బేరింగు గానీ. అయస్కాంతానికి అంటితే ఇనుము. పసుపు రంగు రేణువులు టర్బో బుష్షుల నుంచి రావచ్చు. డీజిల్ బళ్లలో ఇంజెక్టరు కింద రాగి వాషరు కారుతుంటే, దహనపు మసి హెడ్డులోంచి ఆయిల్లోకి దిగి స్ట్రైనరును తారులా పూడ్చేస్తుంది. ప్రెషర్ పడిపోతుంది. పంపు మార్చినా, చిక్కటి ఆయిల్ పోసినా మారదు. చాంబరు విప్పి స్ట్రైనరు కడిగి, పైన వాషర్లు మారిస్తేనే తీరుతుంది. ఇది కంప్యూటరులో కనపడే కోడ్ కాదు. హెడ్డు పక్కన చిక్‌చిక్‌మనే చప్పుడును పొడుగాటి స్క్రూడ్రైవరు చెవికి ఆనించి పట్టుకున్నవాడికే దొరుకుతుంది.

కొత్త టర్బో బిగించేటప్పుడు చూడాలి అసలు పనితనం. తెలిసినవాడు పైపు బిగించే ముందు సిరంజితో శుభ్రమైన ఆయిల్ ఆ బెజ్జంలో పోస్తాడు, వేలితో చక్రాన్ని తిప్పుతాడు, కడ్డీని పక్కలకు కదిపి చూస్తాడు. ఆయిల్ లేని బుష్షులో పక్క ఆట కొద్దిగా ఉండవచ్చు, ముందూ వెనకా ఆట వేలికి తెలియకూడదు. తర్వాత ఇంధనం ఆపేసి, స్టార్టరు మోటారుతో మాత్రమే ఇంజను తిప్పుతాడు, డ్రెయిన్ పైపులో ఆయిల్ కారేదాకా. అప్పుడు గానీ స్టార్టు చేయడు. ఇదంతా ఇరవై నిమిషాల పని. ఇది ఎగ్గొట్టినవాడు పెట్టిన టర్బో వారంలో ఈల వేయడం మొదలుపెడుతుంది, నింద కంపెనీ మీదికి పోతుంది. పాతదాన్ని ఎందుకు పోయిందో కనుక్కోకుండా కొత్తది పెడితే కూడా అంతే.

వేగంగా వచ్చి టక్కున ఆపేయకూడదన్నది లారీల కాలం నాటి నియమం. ఆగిన ఇంజనులో ఆయిల్ పారదు, ఎర్రగా కాలిన టర్బోలో నిలిచిన ఆయిల్ మాడి బొగ్గు పొరగా మారుతుంది, ఆ పొర దారిని మూసేస్తుంది. ఇప్పటి పెట్రోలు టర్బోల్లో చుట్టూ నీటి దారి ఉంది, కొన్నింటిలో ఇంజను ఆగినా నీటి పంపు తిరుగుతుంది. అయినా చివరి కిలోమీటరు మెల్లగా పోవడం ఖర్చు లేని మందు. తెనాలి రణరంగ చౌక్ దాటి ఇంటికి చేరేవాడికి ఆ బెంగ అక్కర్లేదు, ఆటోలూ ఆవులూ ఆ పని చూసుకుంటాయి. నిజాంపట్నం రోడ్డు మీద ఊదరగొట్టి గట్టు మీద తాళం తిప్పేసేవాడికే ఆపే ముందు అర నిమిషం ఐడ్లింగు కావాలి.

సంప్రదాయంలో వదిలేయవలసినవీ ఉన్నాయి. ఆయిల్ మార్చే ముందు డీజిల్ పోసి ఇంజను ఐదు నిమిషాలు తిప్పి కడగడం. డీజిల్ పొర నిలబెట్టదు, ఊడిన మడ్డి వెళ్లి స్ట్రైనర్లో కూచుంటుంది, కొంత డీజిల్ లోపలే మిగులుతుంది. డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజు ఆయిల్ ఇంకో పాపం. ఐదో గేరులో 1,500 చుట్ల దగ్గర యాక్సిలరేటరు నేలకు తొక్కి మైలేజి అనుకోవడం మూడోది. టర్బో పెట్రోల్లో ఆ పరిస్థితిలో ఆయిల్, పెట్రోలు కలిసిన తుంపర నిప్పురవ్వ కంటే ముందే మండి పిస్టన్ రింగుల గట్టును విరగ్గొట్టగలదు. ఆయిల్లోని క్యాల్షియం డిటర్జెంటు ఎక్కువైతే ఇది పెరుగుతుందని తేలాక, అమెరికా ప్రమాణాల్లో 2018లో ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ వచ్చాయి. కాబట్టి టర్బో పెట్రోలుకు డబ్బా వెనక ఎస్‌పీ గానీ, 2025లో వచ్చిన ఎస్‌క్యూ గానీ చూసి కొనాలి. పొగ ఫిల్టరున్న బీఎస్-6 డీజిల్ కారుకు బూడిద తక్కువ మిగిల్చే సీ2, సీ3 తరహా ఆయిలే పోయాలి. లారీ కోసం తెచ్చిన సీఐ-4 15డబ్ల్యూ-40 మిగిలింది గదా అని పోస్తే ఆ ఫిల్టరు బూడిదతో నిండుతుంది. ఆ బూడిద కాల్చినా పోదు.

నకిలీ డబ్బాల బెడద అందరికీ తెలిసిందే. శుభ్రమైన ఖాళీ డబ్బాకు మంచి ధర పలుకుతుంది, ఎందుకో ఊహించుకోండి. నమ్మకస్తుడైన మెకానిక్కు ఖాళీ డబ్బాను కస్టమరు ముందే మేకుతో పొడిచి పారేస్తాడు. అలా పొడవని చోట మీరే పొడవండి.

ఎన్ని వేలకు మార్చాలన్నది వాదన తెగని సంగతి. కంపెనీలు 10,000, 15,000 కిలోమీటర్లంటాయి. టర్బో పెట్రోలుతో ఊళ్లో తిరిగేవాడికి, ఎండలో హైవే మీద గట్టిగా తోలేవాడికి నేను 7,000 దగ్గరే మార్పించమంటాను. దూరం ఎంత తిరిగినా ఏడాది దాటనివ్వకూడదు. ఒక టర్బో ఖరీదులో బోలెడన్ని ఆయిల్ మార్పులు వస్తాయి. పట్టేసిన క్రాంకులు, అరిగిన గేర్లు చివరికి చేరే మంచి చోటు తెనాలిలోనే ఉంది. సూర్య శిల్పశాల వాళ్లు పాత ఇనుప సామాను అతికి విగ్రహాలు చేస్తారు. 2021లో 14 అడుగుల ప్రధాని విగ్రహం అలాగే చేశారు. మీ ఇంజను అక్కడికి చేరడానికి తొందరేం లేదు.

సెకండ్ హ్యాండ్ టర్బో కారు కొనబోతుంటే అమ్మేవాడికి ముందే ఫోను చేసి, బండి స్టార్టు చేయకుండా ఉంచమనండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి. డిప్‌స్టిక్ లాగి వాసన చూడండి. స్టార్టు చేశాక దీపం ఒకటి రెండు క్షణాల్లో ఆరాలి. ఇరవై కిలోమీటర్లు తోలి, వేడిమీద ఆయిల్ ప్రెషర్ స్విచ్చు విప్పించి, అక్కడ చేతి గేజీ బిగించి, ఐడ్లింగులో ఒకసారి, 2,000 చుట్ల దగ్గర ఒకసారి కొలిపించండి. ఈ పని చేసే మెకానిక్కు తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో వెతికితే దొరుకుతాడు. కొలవనివ్వనన్నవాడి బండి కొనొద్దు. కొలిచాక ముల్లు నిండుగా ఉంటే, ఇప్పుడు చాంబర్లో ఉన్న ఆయిల్ ఏ గ్రేడో అడగండి. ఇరవై యాభై అన్నాడంటే బేరం అక్కడినుంచి మళ్లీ మొదలెట్టండి.